మేస్త్రి మీదికి వచ్చిన జారుడు లెక్క

అంకె మారిందని మనిషిని పట్టుకోకండి, ముందు పని ఎలా జరుగుతోందో వెళ్ళి చూడండి అని నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలందరికీ చెబుతూ వచ్చాను. అందరూ బుద్ధిగా తలూపేవాళ్ళు. తీరా ఎక్కడైనా తేడా వచ్చిందంటే వాళ్ళు మొదట అడిగే మాట "ఎవరు చేశారు మేడమ్" అనే. "ఎలా జరిగింది" అని అడిగినవాళ్ళు బహు తక్కువ. అందుకే ఈ సంగతి రాస్తున్నాను. మీరు కూడా తలూపి ఊరుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది, ముందే చెబుతున్నాను.

డెబ్బైల్లో మాట. పెట్రోలు ధరలు మండిపోయి, దాంతో తయారయ్యే ప్రతి సరుకూ కరువైన రోజులు. తిరువూరు ఊరి బయట, విస్సన్నపేట రోడ్డు మలుపులో నల్ల పైపులు చేసే చిన్న కంపెనీ ఒకటి ఉండేది. బావి దగ్గర్నుంచి మామిడి మొక్కల దాకా నీళ్ళు తీసుకెళ్ళే ప్లాస్టిక్ పైపులు. యజమానిది వ్యవసాయ కుటుంబం. తోటలు చూసుకుంటూనే ఈ వ్యాపారంలోకి దిగారు. నేను అక్కడ టెస్టింగ్ గదిలో పనిచేసేదాన్ని. బియస్సీ చదివాను. నాన్న విస్సన్నపేటలో మిషన్ బడి టీచరు. రోజూ అక్కణ్ణుంచి బస్సులో వచ్చేదాన్ని. నాకు నోరెక్కువ అని కంపెనీలో పేరు. ఆ పేరు ఊరికే రాలేదులెండి.

పని సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ప్లాస్టిక్ తెల్లటి గింజల రూపంలో బస్తాల్లో వచ్చేది. దాన్ని దానా అనేవాళ్ళం. ఎండకు పైపు పాడవకుండా దాంట్లో నల్లటి మసి పొడి కలపాలి. కలపడమంటే గరిటె పెట్టి తిప్పడం కాదు. వేడెక్కిన రెండు పెద్ద ఇనుప రోలర్ల మధ్య వేసి, కరిగిన ముద్దను కత్తితో కోసి, మడిచి, మళ్ళీ రోలర్ల మధ్యకు తోస్తూ, మసి అంతటా ఒకేలా పట్టేదాకా నలపాలి. ఆ నల్ల రేకును ముక్కలు చేసి పైపు మిషన్లో పోస్తారు.

నా గదిలో ఇంకో చిన్న మిషను ఉండేది. దాని గొట్టంలో ఆ ముక్కలు కొన్ని వేసి కరిగించి పైన బరువు పెడితే, అడుగున ఉన్న సన్నటి రంధ్రంలోంచి ప్లాస్టిక్ తీగలా జారుతుంది. కొంతసేపట్లో ఎంత జారిందో కోసి తూచాలి. పుస్తకాల్లో దాన్ని మెల్ట్ ఫ్లో అంటారు. మా కంపెనీలో అందరూ జారుడు లెక్క అనేవాళ్ళు. లెక్క తక్కువైతే ముద్ద గట్టిగా ఉన్నట్టు, మిషన్ మొరాయిస్తుంది. ఎక్కువైతే పలచబడినట్టు. పైపు మిషను నోట్లోంచి వస్తూనే వాలిపోతుంది, దాని పైగోడ పలచనవుతుంది. అలాంటి పైపు నీళ్ళ ఒత్తిడికి ఆగదు.

ఆ ఎండాకాలం రెడ్డిగూడెం నుంచి ఒక రైతు చీలిపోయిన పైపు ముక్కను భుజాన వేసుకుని వచ్చాడు. తిన్నగా ఆఫీసులోకి వెళ్ళి యజమాని బల్ల మీద పడేశాడు.

"చూడండి మీ పైపు. అంటు మొక్కలు మాడిపోతున్నాయండి. ఇంటిల్లిపాదీ బిందెలతో మోస్తున్నాం. ఎన్నాళ్ళు మొయ్యమంటారు?"

యజమాని కొత్త పైపు ఇచ్చి పంపించారు. ఆ వారంలోనే ఎ.కొండూరు నుంచి మరో రైతు వచ్చాడు. అదే చీలిక, అదే చోట.

నేను పరీక్ష చేశాను. రోలర్ల షెడ్డు నుంచి వచ్చిన సరుకులో కొన్ని వాయిలు బాగానే ఉన్నాయి. కొన్ని బాగా పలచబడ్డాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అది నా ఉద్యోగం, ఇప్పుడైనా అలాగే చెబుతాను. ఆ మాటను మా మేనేజరు ఎటు తీసుకెళ్ళాడో అది వేరే విషయం.

మేనేజరు అంతకుముందు మద్రాసులో ప్లాస్టిక్ కవర్ల కంపెనీలో చేసి వచ్చినవాడు. "కవర్లు చేసే దానా ఇలాగే జారుతుందండీ" అన్నాడు యజమానితో, నా ముందే. "అది చవక. మన పైపు దానా బ్లాకులో బంగారం. ఎవడో మనది తీసి అమ్ముకుని, కవర్ల దానా పోసి నింపుతున్నాడు. షెడ్డు తాళం ఎవడి దగ్గరుంటుందో మీకు తెలుసుగా."

తాళం రోలర్ల షెడ్డు మేస్త్రి దగ్గర ఉండేది, కలిపే పనంతా ఆయనదే. యాభై దాటిన మనిషి. తిరువూరు పేటలోనే ఇల్లు, మాలాగే మిషన్ చర్చికి వెళ్ళేవాడు. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో, మెడ మడతల్లో మసి ఉండిపోయేది. "ఆదివారం నా పక్కన తెల్లచొక్కావోడు కూర్చోడమ్మా, బెంచీ మొత్తం నాదే" అని తనమీద తనే హాస్యమాడేవాడు. కంపెనీ పెట్టిన రోజు నుంచీ ఉన్నాడు.

ఆయన్ని ఆఫీసుకు పిలిపించారు. నేనక్కడే ఉన్నాను.

"కొలత ఏమన్నా మార్చావా?" అన్నారు యజమాని.

"లేదండి బాబుగారూ."

"మసి ఎక్కువ తక్కువలు?"

"లేదండి."

"ఎంతసేపు నలుపుతున్నావ్? అదైనా మార్చావా?"

"లేదండి. మిషన్ బిగించినాయన మొదటిరోజు ఎట్టా చెప్పాడో అట్టాగే చేస్తన్నానండి. ఇసుమంత కూడా మార్చలేదండి."

ఆ మనిషి నిజమే చెబుతున్నాడు. ఆ నిజమే ఆయన మెడకు చుట్టుకుంది. ఏదీ మార్చలేదంటే మరి దానా మారినట్టేగా అన్నాడు మేనేజరు.

ఆ సాయంత్రం మేనేజరు ఇద్దరు వాచ్‌మన్లను వెంటేసుకుని మేస్త్రి ఇంటికి వెళ్ళాడట. నాకు మర్నాడు పొద్దున తెలిసింది. వీధి వీధంతా చూస్తుండగా "దొంగ సరుకు ఎక్కడ దాచావ్ రా" అని కేకలు పెడుతూ బియ్యం డబ్బాలు బోర్లించారట. ట్రంకు పెట్టెలో బట్టలు బయటికి లాగి పోశారట. ఏమీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి అప్పుడే అమ్మేశాడని తేల్చేశారు. ఇలాంటి తెలివి ఎక్కడ నేర్పుతారో నాకు ఇప్పటికీ తెలీదు.

నేను బ్యాగు కూడా దించకుండా యజమాని గదిలోకి వెళ్ళాను.

"సరుకు పలచబడిందన్నానండి. కవర్ల దానా కలిసిందని నేను అన్నానా?"

"మరెందుకు పలచబడిందమ్మాయ్?"

"తెలీదండి. తెలుసుకోనివ్వండి."

మేనేజరు పక్కనే కుర్చీలో ఉన్నాడు. "మీ చర్చి మనిషని వెనకేసుకొస్తున్నావా?" అన్నాడు.

నాకు నషాళానికి అంటింది. "మీరు మద్రాసులో చూసిందే ప్రపంచం అనుకుంటున్నారు. చర్చి సంగతి నా మిషనుకి తెలీదు. అది ఎవరు పెట్టినా ఒకేలా జారుస్తుంది" అన్నాను. అన్నాక భయమేసింది. ఆ ఉద్యోగం పోతే నాకు ఇంకొకటి ఇచ్చేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు.

యజమాని నా వైపు తిరిగారు. "రేపొక్క రోజు చూడు. నువ్వే షెడ్డులో నిలబడి కలిపించు. రేపు సాయంత్రం ఎస్సై గారు వస్తానన్నారు. అప్పటికి నువ్వు చెప్పేదేమీ లేకపోతే నేను ఆగను" అన్నారు.

పిల్లలూ, ఆ రోజుల్లో పేటలో మనిషిని స్టేషన్‌కు తీసుకెళ్తే కాగితాలతో తేలేది కాదు. ఒంటి మీద తేలేది. తర్వాత నిర్దోషి అని తెలిసినా ఆ చేతులు మళ్ళీ కత్తి పట్టుకుని పనిచేస్తాయన్న నమ్మకం లేదు. నాకు రాత్రంతా అదే ఆలోచన.

మర్నాడు తెల్లవారుజామునే అన్నయ్య సైకిల్ మీద వచ్చేశాను, బస్సు కోసం ఆగలేదు. మేస్త్రి షెడ్డులో ఉన్నాడు. కళ్ళు లోపలికి పోయాయి. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే మనిషి, దణ్ణం పెట్టి ఊరుకున్నాడు. ఆయన కింద పనిచేసే ఇద్దరూ కూడా తలెత్తలేదు.

బస్తా కుట్టు నేనే విప్పాను. దానా నోట్లో వేసుకుని కొరికి చూడ్డం ఒక్కటే తక్కువ, అంత చూశాను. కొలత సరిగ్గా ఉంది. మసి సరిగ్గా ఉంది. రోలర్ల వేడి సరిగ్గా ఉంది. షెడ్డు రోడ్డు వైపు బార్లా తెరిచి ఉండేది, మసి బయటికి పోవడానికి. విస్సన్నపేట వెళ్ళే బస్సు మలుపు దాటగానే మేస్త్రి "వెయ్యండి" అన్నాడు. నలపడం మొదలైంది.

కోస్తున్నారు, మడుస్తున్నారు, తోస్తున్నారు. మళ్ళీ అదే. చెమటలు కారిపోతున్నాయి. నల్ల ముద్ద అద్దంలా నిగనిగలాడుతోంది. ఇంకా నలుపుతూనే ఉన్నారు. టైము చూద్దామంటే నా గడియారం నా గదిలో సొరుగులో ఉంది. షెడ్డులోకి ఎవ్వరం గడియారం తెచ్చేవాళ్ళం కాదు. ఆ మసి పిండికంటే మెత్తన, లోపలికి దూరి ముళ్ళను ఆపేస్తుంది. గోడగడియారం ఒకటి పెడితే నెల తిరక్కుండానే చచ్చిపోయిందట, దాని మేకు మాత్రం గోడకి ఉంది.

"ఇంకా ఎంతసేపు మేస్త్రిగారూ?" అన్నాను చివరికి.

"అయిపోవచ్చిందమ్మా."

ఆయన చూపు ముద్ద మీద లేదు, రోడ్డు మీద ఉంది. ఇంకొంతసేపటికి విస్సన్నపేట నుంచి వచ్చే బస్సు దుమ్ము రేపుకుంటూ మలుపు తిరిగింది. మేస్త్రి చెయ్యెత్తాడు. "ఇంక దించండి" అన్నాడు.

"అయిందని మీకెలా తెలిసింది?"

ఆయన నన్ను విచిత్రంగా చూశాడు. "బస్సొచ్చింది కదమ్మా."

మిషన్ బిగించిన ఫిట్టరు మొదటి రోజే గడియారం గతి చూసి, ఇదిగో ఈ బస్సు అటు వెళ్ళినప్పుడు మొదలుపెట్టు, ఆ బస్సు ఇటు వచ్చినప్పుడు దించు అని చెప్పి వెళ్ళాడట. రోజంతా అటొకటి ఇటొకటి బస్సులు నడిచే రోడ్డు. ఏళ్ళ తరబడి మా కంపెనీలో ప్రతి వాయీ ఆ లెక్కనే నలిగింది. తేడా రాలేదు. ఎందుకొస్తుంది, బస్సులు టైముకే వచ్చేవి మరి.

ఆ ఎండాకాలం దాకా. దారిలో కల్వర్టు పడగొట్టి కొత్తది కడుతున్నారు. బస్సు పొలాల్లోంచి చుట్టూ తిరిగి, ఒకోసారి దిగబడి, మమ్మల్ని దింపి తోయించుకుని వచ్చేది. ఆలస్యంగా వస్తున్నానని మేనేజరు నన్ను రోజూ తిడుతూనే ఉన్నాడు, రోజూ నేను బస్సు సంగతి చెబుతూనే ఉన్నాను. బస్సు ఆలస్యమని కంపెనీలో తెలియని ప్రాణి లేదు. నేను బస్సులో కూర్చుని ఎండను తిట్టుకుంటున్నంతసేపూ ఇక్కడ ప్లాస్టిక్ నలుగుతూనే ఉంది. బస్సు పెద్దగా ఆలస్యం కాని పూట వాయి బాగానే వచ్చేది, దిగబడిన పూట పలచబడేది. ఆ సంగతి మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

బస్సు ఆలస్యమైనంతసేపూ ముద్ద ఎక్కువ నలిగి, అందుకే పలచబడుతోందేమో అని నేను చెప్పగానే మేస్త్రి అక్కడే బస్తా మీద కూర్చున్నాడు. "ఆలస్యమని తెలుసమ్మా. కానీ ఎక్కువ నలిగితే మంచిదే అనుకున్నాను. మసి ఇంకా బాగా పట్టుద్దిగా" అన్నాడు. మసి చేతులు చూసుకుని, "అయితే నేనే చెడగొట్టానా?" అన్నాడు.

"చెడగొట్టడం వేరు, దొంగతనం వేరు. మీరు లేవండి ముందు" అన్నాను.

మేనేజరుకు చెబితే నవ్వాడు. "బస్సు ఆలస్యమైతే ప్లాస్టిక్ పలచబడుతుందా? ఎస్సై గారికి ఇదే చెప్పు, ఆయనా నవ్వుతాడు." యజమాని నవ్వలేదు. నమ్మనూ లేదు. "చూపించు" అన్నారు.

దానా బస్తా ఆయన సొంత గదిలోంచి, ఆయన తాళం వేసి ఉంచినది తెమ్మన్నాను. ఆయనే విప్పారు. షెడ్డు బయట నిలబడి తన చేతి గడియారం చూస్తూ ఆయనే టైము చెప్పారు. అసలు నలపాల్సినంతసేపు, అంటే బస్సు టైముకొస్తే పట్టేంతసేపు, నలిపాక ఒక ముక్క కోయించాను. రోలర్లు ఆపకుండా, బస్సు మామూలుగా ఆలస్యమయ్యేంతసేపు నలిపి రెండో ముక్క. ఇంకా నలిపి మూడోది. మూడూ ఒకే బస్తా, ఒకే మసి. మూడింటి మీదా యజమాని సంతకం గీసిన కాగితం చుట్టి నా గదికి తెచ్చుకున్నాను.

మొదటిది జారించాను. సరిగ్గా ఉండాల్సినంతే జారింది. మేనేజరు కుర్చీ లాక్కుని నా వెనకే కూర్చున్నాడు. రెండోది గొట్టంలో వేసి, కరిగాక బరువు పెట్టబోతుండగా కరెంటు పోయింది.

ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. ఫ్యాను ఆగిపోయింది. గొట్టంలో ముద్ద చల్లారిపోతోంది, అది ఇక దేనికీ పనికిరాదు. రెండో ముక్కలో మిగిలింది ఇంకొక్కసారికి సరిపోతుంది, అంతే. బయట జీపు ఆగిన చప్పుడైంది. ఎస్సై ఆఫీసులోకి వెళ్ళడం, సోడా తెమ్మని ఎవరో కేకెయ్యడం కిటికీలోంచి వినిపించింది. మేస్త్రి నా గది గుమ్మం బయట గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటున్నాడు. నేనూ చేసుకున్నాను, సిగ్గేం లేదు.

కరెంటు వచ్చింది. గొట్టం వేడెక్కాక పాత ముద్దను తోసేసి గుడ్డతో తుడిచాను. తొందరలో వేళ్ళు కాలాయి. ఆ మచ్చ చాలా ఏళ్ళు ఉంది. మిగిలిన ముక్కలు వేశాను, కరిగించాను, బరువు పెట్టాను. తీగ మొదటిదాని కంటే గబగబా దిగింది. త్రాసు చూడక ముందే కంటికే తెలుస్తోంది.

"నీ చెయ్యి కోసే టైము అటూ ఇటూ చేస్తోందేమో" అన్నాడు మేనేజరు.

నేను లేచి నిలబడి కత్తి యజమానికి ఇచ్చాను. "మూడోది మీరు చెయ్యండి సార్."

ఆయన కూర్చున్నారు. చొక్కా చేతులు పైకి మడిచి, నేను చెప్పినట్టు చేశారు. బరువు పెట్టీ పెట్టగానే నల్లతీగ జర్రున దిగిపోయింది. ఆయన కోసి, తూచి, మళ్ళీ తూచి, కత్తి బల్ల మీద పెట్టారు. ఎవరి వైపూ చూడకుండా ఆఫీసులోకి వెళ్ళారు. "అనవసరంగా శ్రమ ఇచ్చానండీ, ఏమీ లేదు, మా లోపలి పొరపాటు" అనడం నాకు వినిపించింది. జీపు వెళ్ళిపోయింది. గుమ్మం బయట మేస్త్రి మొహానికి కండువా అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

ఎందుకలా అవుతుందో ఆ రోజు నాకూ సరిగా తెలీదు. తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. ఆ రకం ప్లాస్టిక్ లోపల పొడుగాటి పోగులు ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉంటాయి. నలిపేకొద్దీ ఆ చిక్కు సడలి, కరిగినప్పుడు సులువుగా జారుతుంది. కొత్తది ఏమీ కలపక్కర్లేదు, ఏమీ తియ్యక్కర్లేదు. అన్నీ ఇలాగే ఉండవు సుమా. కొన్ని రకాలు ఎక్కువ నలిగితే ఇంకా బిగుసుకుంటాయి. నేను చెప్పానని అన్నిటికీ ఇదే సూత్రం పట్టుకుని కూర్చోకండి.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను నేను. కాలేదు.

"రేపట్నుంచి మామూలుగా పనిలోకి రా" అన్నారు యజమాని మేస్త్రితో.

మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "వస్తానండి. కానీ ఇక్కడ మీకు తెలిసింది బాబుగారూ. మా వీధిలో నేనింకా దొంగనే. కొళాయి దగ్గర మా ఇంటిదాన్ని బిందె పెట్టనియ్యటం లేదు. మీరొచ్చి ఒక్క మాట చెబితే వస్తానండి."

"పెద్దాయన మీ వీధికి వచ్చి చెప్పాలా?" అని మేనేజరు కుర్చీలోంచి లేచాడు. మేస్త్రి అతని వైపు చూడలేదు. యజమాని వైపే చూశాడు. ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు మేస్త్రి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. రోలర్లు ఆగిపోయాయి, పైపు మిషను ఆగిపోయింది. కొత్తవాణ్ణి పెడదామన్నాడు మేనేజరు. యజమాని వద్దన్నారు. ఒక సాయంత్రం నా గది గుమ్మంలోకి వచ్చి, "నువ్వూ రా అమ్మాయ్" అన్నారు. ఎక్కడికని అడగలేదు. నడుస్తూ వెళ్ళాం. మేనేజరు మా వెనక నాలుగడుగుల దూరంలో వచ్చాడు, రమ్మన్నారు కాబట్టి.

ఆ వీధిలోకి ఆయన అంతకుముందెప్పుడూ అడుగుపెట్టలేదని అక్కడివాళ్ళ మొహాలే చెప్పాయి. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. మేస్త్రి చొక్కా తొడుక్కుంటూ బయటికొచ్చాడు. వెనకే ఆయన భార్య వచ్చింది. లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది. యజమాని కూర్చోలేదు. నేల చూస్తూ, గొణుగుతున్నట్టు, "మా పొరపాటే. మేస్త్రి ఏమీ తియ్యలేదు" అన్నారు. పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

మేస్త్రికి అదే చాలనిపించింది కాబోలు, దణ్ణం పెట్టబోయాడు. భార్య ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"మంచిదండి బాబుగారూ" అంది. ఆమె గొంతులో కోపం లేదు, మామూలుగానే అంది. "కానీ ఆరోజు మీవాళ్ళు దొంగ అని ఈ వీధి చివరిదాకా వినపడేటట్టు అరిచారండి. ఇంత మెల్లగా చెబితే ఎవరికి వినపడతది?"

మేనేజరు ఏదో అనబోతే యజమాని చెయ్యెత్తి ఆపారు. ఆయన ఆమె వైపు చూశారు, వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. గొంతు సవరించుకుని, అదే మాట మళ్ళీ గట్టిగా చెప్పారు.